ప్లగ్గు ముందు, ప్రోగ్రామ్ తర్వాత
పాఠకుల ప్రశ్నలు – జవాబులు: స్పోర్ట్స్ కార్ల స్పార్క్ ప్లగ్గులు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) అప్‌డేట్

ప్రశ్న: నాది 2017 మోడల్ స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్, 58,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్ళొస్తాను. పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు వణికి సర్దుకుంటోంది. గట్టిగా తొక్కితే నాలుగు వేల ఆర్పీఎం దాటాక మిస్ కొడుతోంది. ఒక షెడ్డులో చూపిస్తే రీమ్యాప్ (ఈసీయూ ప్రోగ్రామ్ లెక్కలు మార్చడం) చేయిస్తే పోతుందన్నారు. ప్లగ్గులు ఇంతవరకు మార్చలేదు. ఏది ముందు చేయించాలి? ప్లగ్గులు నేనే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ప్లగ్గులు ముందు. అవి మార్చి, బండి శుభ్రంగా నడుస్తోందని తేల్చుకునేదాకా ఈసీయూ జోలికి వెళ్ళకండి.

కారణం చెబుతాం. టర్బో గాలిని ఒత్తి సిలిండర్లోకి పంపుతుంది. గాలి ఎంత ఒత్తుగా ఉంటే నిప్పురవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. ప్లగ్గు కొనలు అరిగి గ్యాప్ పెరిగితే ఇంకా ఎక్కువ కావాలి. ఐడిల్‌లో ఆ వోల్టేజి ఇచ్చే కాయిల్ ఎలాగో నెట్టుకొస్తుంది. నాలుగు వేలు దాటి బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) నిండుగా ఉన్నప్పుడు దాని శక్తి చాలక రవ్వ ఎగరదు. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. రీమ్యాప్ అంటే బూస్ట్ పెంచడమే కదా, అప్పుడు ఇదే జబ్బు మూడు వేలకే మొదలవుతుంది. పైగా కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్లో పడి కాలుతుంది. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉంటే నెమ్మదిగా ఇంటికి చేరొచ్చు. అదే లైటు మినుకు మినుకుమంటే మాత్రం యాక్సిలరేటర్ వదిలేసి బండి పక్కకు తీయాలి. కన్వర్టర్ కరిగిపోవడానికి ఆ కాసేపు చాలు.

మీరే మార్చుకోవచ్చు. కావలసినవి: లోపల రబ్బరు పట్టు గానీ అయస్కాంతం గానీ ఉన్న 16 ఎంఎం పలుచని ప్లగ్ సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్, 3/8 అంగుళం డ్రైవ్ టార్క్ రెంచ్, గాలి కొట్టడానికి కంప్రెసరో డబ్బా ఎయిరో, వేలంత రబ్బరు గొట్టం ముక్క. టార్క్ రెంచ్ 5 నుంచి 60 న్యూటన్ మీటర్ల దాకా కొలిచేదై ఉండాలి. చక్రాల బోల్టులకు వాడే అర అంగుళం రెంచ్ 28 నుంచో 40 నుంచో మొదలవుతుంది. తన కొలత అడుగున ఏ రెంచ్ మాటా నమ్మకూడదు. దాన్ని ప్లగ్గుకు పెడితే 'టక్' వినపడేలోపే హెడ్డులో థ్రెడ్ పోతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆపితే మర్నాడు పొద్దున మొదలుపెట్టండి. అల్యూమినియం హెడ్డు వేడి మీద ఉండగా ఉక్కు ప్లగ్గును తిప్పితే మెత్తటి అల్యూమినియం మరలు దాని వెంటే ఊడొస్తాయి. కవరు తీశాక ఒకటో సిలిండర్ ఏదో గుర్తించండి: గేర్‌బాక్సుకు అవతలి చివరన ఉన్నది ఒకటి, అక్కడి నుంచి వరసగా నాలుగు దాకా. కాయిల్ కనెక్టర్ల ప్లాస్టిక్ లాకులు ఏళ్ళ తరబడి వేడికి పెళుసెక్కి ఉంటాయి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదీయొద్దు. కనెక్టర్ని ముందు లోపలికి ఒకసారి నొక్కి, లాకు ఎత్తి, అప్పుడు వెనక్కి లాగండి. కాయిల్‌కు బోల్టు ఉంటే విప్పి, కాయిల్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ పైకి తీయండి. దాని అడుగున రబ్బరు బూటు ప్లగ్గుకు అతుక్కుని ఉంటుంది. ఒక్క గుంజు గుంజితే బూటు గుంతలోనే తెగి మిగిలిపోతుంది.

కాయిల్ తీయగానే ప్లగ్గు విప్పేయకండి. మన రోడ్ల దుమ్ము ఆ గుంతలో చేరి ఉంటుంది. గాలి కొట్టి శుభ్రం చేయకపోతే ప్లగ్గు పైకి రాగానే ఇసుక రేణువులు నేరుగా సిలిండర్లోకి జారతాయి. తరవాత పావు చుట్టు వదులు చేసి మళ్ళీ గాలి కొట్టండి. తిప్పుతుంటే కిర్రుమని పట్టేస్తే బలం పెట్టొద్దు. చొచ్చుకుపోయే నూనె నాలుగు చుక్కలు వేసి అరగంట ఆగి, కొంచెం బిగించి, కొంచెం వదిలి, అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయండి.

తీసిన ప్లగ్గులను అట్టముక్క మీద 1, 2, 3, 4 అని రాసి ఆ వరసలోనే పెట్టండి. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ, ఇంజన్ లోపలి సంగతి ఇంత చవగ్గా చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. కొన లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆరోగ్యం. నల్లటి పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, లేదా బండి ఎప్పుడూ ట్రాఫిక్‌లోనే నడిచి ప్లగ్గు తనను తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కలేదు. ఆ శుభ్రత మొదలవ్వాలంటే కొన 450 డిగ్రీలు దాటాలి. మియాపూర్–గచ్చిబౌలి రద్దీలో పాకే బండికి ఈ మసి కొంత మామూలే. నేరుగా సిలిండర్లోకే పెట్రోలు చిమ్మే ఇంజన్లలో లోహపు అంచు మీద నల్లదనం ఎప్పుడూ ఉంటుంది, కంగారు వద్దు. జిడ్డుగా నూనె తడి ఉంటే రింగులో, వాల్వ్ సీళ్ళో, క్రాంక్‌కేస్ ఆవిరిని లాగే పీసీవీ వాల్వో చూడాలి. సున్నం కొట్టినట్టు తెల్లగా మారి బొబ్బలెక్కితే మితిమీరిన వేడి. తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు సన్నటి నల్లటి లేదా మెరిసే చుక్కలు కనిపిస్తే అది నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం. మెరుపు పిస్టన్ అల్యూమినియంది. అలాంటి ఇంజన్‌కు రీమ్యాప్ మాటే ఎత్తకూడదు.

ఇక్కడే మెకానిక్కులు తరచూ పొరబడే సంగతి ఒకటుంది. పింగాణీ పైభాగంలో, లోహం మొదలయ్యే చోట గోధుమ రంగు వలయం కనిపిస్తే 'గ్యాస్ లీకవుతోంది, హెడ్డు విప్పాలి' అంటారు. అది లీకు కాదు. అధిక వోల్టేజి చుట్టుపక్కల గాలిలోని నూనె తుంపరలను లాగి పింగాణీకి అంటించిన మరక, హాని లేదు. దానికి బదులు పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిలుతో గీసినట్టు నల్లటి గీత ఉందా చూడండి. రవ్వ లోపల దూకకుండా బయటి నుంచి పారిపోయిన దారి అది. ఆ గీత ఉంటే ప్లగ్గుతోపాటు ఆ కాయిల్ బూటు కూడా మార్చాలి. పాత బూటులో ఆ మసి దారి మిగిలితే కొత్త ప్లగ్గుకూ అదే గతి.

కొత్తవి బిగించేటప్పుడు రబ్బరు గొట్టం చివర ప్లగ్గును గుచ్చి చేత్తో తిప్పండి. మర అడ్డదిడ్డంగా పడితే గొట్టం జారిపోతుంది, థ్రెడ్ మిగులుతుంది. రాచెట్‌తో మొదలుపెడితే ఆ హెచ్చరిక ఉండదు. వేళ్ళతో చివరిదాకా దిగాకే టార్క్ రెంచ్ పెట్టాలి. వాషర్ ఉన్న 14 ఎంఎం థ్రెడ్ ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో 25–30 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎంకు 15–20, 10 ఎంఎంకు 10–12. ఇవి ప్లగ్గు తయారీదారు చెప్పే కొలతలు. మీ ఇంజన్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. బూటు లోపలి అంచున డైఎలెక్ట్రిక్ గ్రీజు సన్నటి పూత చాలు, అది మళ్ళీ అతుక్కోకుండా ఉంటుంది.

ఇంత చేశాక కూడా పొద్దుటి వణుకు పోకపోతే ఇన్‌టేక్ వాల్వుల మీద మసి గడ్డకట్టిందేమో చూపించండి. నేరుగా సిలిండర్లోకి మాత్రమే చిమ్మే ఇంజన్లలో పెట్రోలు వాల్వుల మీద పడి కడగదు. అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయించాలి. పెట్రోల్లో కలిపే క్లీనర్ డబ్బాలు అక్కడిదాకా చేరవు.

ప్రశ్న: 2016 మస్టాంగ్ జీటీకి ప్లగ్గులు మార్చాలి. మెకానిక్ థ్రెడ్‌కు కాపర్ గ్రీజు రాస్తానంటున్నాడు. కంపెనీ ప్లగ్గు దొరక్కపోతే అదే హీట్ నంబరున్న వేరే కంపెనీది వేయొచ్చంటున్నాడు. సరేననాలా?
– ఒక పాఠకుడు, బంజారాహిల్స్

జవాబు: రెంటికీ వద్దనండి.

ఇప్పటి ప్లగ్గుల థ్రెడ్‌కు తుప్పు పట్టని లోహపు పూత తయారీలోనే వేస్తారు. దాని మీద గ్రీజు రాస్తే మర జారుడెక్కుతుంది. టార్క్ రెంచ్ సరైన అంకె దగ్గరే 'టక్' మంటుంది గానీ, లోపల ప్లగ్గు అంతకంటే చాలా ఎక్కువ సాగి ఉంటుంది. మీ 5.0 వీ8కి పడేది 12 ఎంఎం థ్రెడ్, సన్నటి మెడ. దానికి 15 న్యూటన్ మీటర్లు చాలు. గ్రీజు రాసి అంత బిగిస్తే మళ్ళీ విప్పేటప్పుడు మెడ దగ్గర తెగి సగం హెడ్డులో ఉండిపోవచ్చు.

హీట్ నంబరు విషయం ఇంకా ముఖ్యం. ఎన్‌జీకే, డెన్సోలలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు 'చల్లనిది', అంటే వేడిని హెడ్డులోకి త్వరగా దించేస్తుంది. బాష్‌లో, ఛాంపియన్‌లో తలకిందులు: నంబరు పెరిగితే 'వేడిది'. కాబట్టి ఎన్‌జీకే 7కి బాష్ 7 సమానం కాదు. కంపెనీ మారితే అంకె చూసి కొనకుండా, ఆ కంపెనీ కేటలాగ్‌లో మీ బండి పేరు కింద ఇచ్చిన ప్లగ్గే తీసుకోండి.

మీ ఇంజన్‌కు గ్యాప్ 1.25–1.35 ఎంఎం. టర్బో లేదు కాబట్టే అంత వెడల్పు నడుస్తుంది. టర్బో కార్లకు సాధారణంగా 0.7–0.8 దగ్గర ఉంటుంది. ఎనిమిదింటినీ పెట్టెలోంచి తీశాక తీగ గేజితో కొలవండి. నాణెం లాంటి గుండ్రటి గేజిని ఇరిడియం ప్లగ్గులో దూర్చొద్దు. ఇరిడియం కొన అర మిల్లీమీటరు అటూఇటూ లావు ఉంటుంది. గట్టిదే గానీ పక్కకు నొక్కితే పుటుక్కున విరుగుతుంది. సవరించాల్సి వస్తే వంపుగా ఉన్న బయటి కొనను మాత్రమే వంచాలి. సిలిండర్ నంబర్లు డ్రైవర్ సీట్లో కూర్చున్నప్పుడు కుడి వరస ముందు నుంచి వెనక్కి 1–4, ఎడమ వరస 5–8. స్కానర్‌లో పీ0306 (ఆరో సిలిండర్ మిస్‌ఫైర్ కోడ్) వస్తే ఎడమ వరసలో ముందు నుంచి రెండోది.

ఇంజన్ బేలోకి ప్రెషర్ వాష్ కొట్టించకండి. ప్లగ్ గుంతల్లో నీళ్ళు నిలిస్తే మర్నాడు పొద్దున మిస్ కొట్టుకుంటూ స్టార్టవుతుంది. వానాకాలంలో ఈ ఫిర్యాదుతో వచ్చే కార్లకు చాలాసార్లు కొత్త ప్లగ్గు అక్కర్లేదు, గుంతలు ఆరబెడితే చాలు.

ప్రశ్న: రాణీగంజ్‌లో, పుత్లీబౌలిలో అదే ఇరిడియం ప్లగ్గు సగం ధరకు దొరుకుతోంది. నకిలీదా కాదా ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: బిల్లు ఇచ్చే పాత దుకాణంలో కొనడం మొదటి జాగ్రత్త. ప్లగ్గు చేతికొచ్చాక మల్టీమీటరుతో పై టోపీకీ మధ్య కొనకూ మధ్య కొలవండి. రెసిస్టర్ రకం ఎన్‌జీకే ప్లగ్గులో 5 కిలో ఓమ్‌లకు దగ్గరగా రావాలి, నాలుగు ప్లగ్గులూ ఇంచుమించు ఒకేలా చూపాలి. ఒకటి సున్నా, ఒకటి పన్నెండు చూపిస్తే మొత్తం సెట్టు వెనక్కిచ్చేయండి. భూతద్దంతో ఇరిడియం కొన దగ్గర లేజర్ అతుకు చుట్టూ సమానంగా ఉందా, బయటి కొన దానికి సరిగ్గా ఎదురుగా ఉందా, వాషర్ చేత్తో లాగితే ఊడొస్తోందా చూడండి. అసలుదానిలో వాషర్ తిరుగుతుంది గానీ ఊడదు.

ప్రశ్న: ప్లగ్గులు, కాయిల్స్ మార్చాక నా వీఆర్ఎస్ బాగుంది. ఇప్పుడు స్టేజ్ 1 (విడిభాగాలు మార్చకుండా ప్రోగ్రామ్ మాత్రమే మార్చే) రీమ్యాప్ చేయిద్దామనుకుంటున్నాను. ఇంటికే ల్యాప్‌టాప్ తెచ్చి అరగంటలో చేస్తామంటున్నారు. సర్వీసు సెంటర్ వాళ్ళు ఈసీయూకు కంపెనీ అప్‌డేట్ కూడా ఉందన్నారు. రెండూ చేయించొచ్చా? ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: ముందు తేడా తెలుసుకోండి. కంపెనీ అప్‌డేట్ అంటే తయారీదారు తన పొరపాట్లను సరిదిద్ది పంపిన కొత్త వెర్షన్. రీమ్యాప్ అంటే ఇంకొకరు మార్చిన లెక్కలు. రెండూ ఈసీయూలో ఒకే చోట కూర్చుంటాయి. కాబట్టి రీమ్యాప్ తర్వాత కంపెనీ అప్‌డేట్ వేస్తే మీరు డబ్బిచ్చి చేయించుకున్నది తుడిచిపెట్టుకుపోతుంది. కంపెనీ అప్‌డేట్ ముందు వేయించండి. నెల నడపండి. చాలామంది అక్కడే ఆగిపోవచ్చని మా అభిప్రాయం.

రీమ్యాప్ చేయించాలనే ఉంటే, మీ కారు సొంత టార్క్ 350 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్ల డీఎస్‌జీని (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సును) రూపొందించిందీ ఆ మేరకే. స్టేజ్ 1లో 400 దాటించడం పరిపాటి. గేర్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో క్లచ్ ఒత్తిడి కూడా దానికి తగ్గట్టు పెంచకపోతే క్లచ్ జారి ప్లేట్లు కాలతాయి. ఈ డీఎస్‌జీ నూనె 60,000 కిలోమీటర్లకు మార్చాల్సింది. మార్చకుండా రీమ్యాప్‌కు వెళ్ళకండి. ప్లగ్గుల విషయానికొస్తే, శక్తి 75–100 హెచ్‌పీ పెరిగినప్పుడల్లా ఒక మెట్టు చల్లని ప్లగ్గు అనేది ఎన్‌జీకే చెప్పే లెక్క. స్టేజ్ 1 సాధారణంగా ఆ గీతకు ఇవతలే ఉంటుంది. అందుకే చాలాసార్లు కంపెనీ హీట్ నంబరే ఉంచి, గ్యాప్ మాత్రం 0.6–0.7కు తగ్గిస్తారు. ట్యూన్ రాసినవాళ్ళు ఏ ప్లగ్గు, ఏ గ్యాప్ అనుకుని రాశారో కాగితం మీద రాయించుకోండి. చెప్పలేకపోతే మీ కారు వాళ్ళ చేతికివ్వొద్దు.

ఇక అరగంట సంగతి. ఈసీయూ రాసేటప్పుడు చెడేది ఎక్కువగా ప్రోగ్రామ్ వల్ల కాదు, బ్యాటరీ వల్ల. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి ఇంజన్ ఆగి ఉంటుంది, ఛార్జింగ్ ఉండదు. ఈసీయూ నుంచి కబురు ఆగగానే రేడియేటర్ ఫ్యాన్ 'ఇంజన్ వేడెక్కిందేమో' అన్నట్టు ఫుల్ స్పీడులో తిరగడం మొదలుపెడుతుంది. అదొక్కటే బ్యాటరీని గబగబా పీల్చేస్తుంది. వోల్టేజి పడిపోయి రాత మధ్యలో ఆగితే కారు స్టార్టవదు. 5 ఆంపియర్ల ఇంటి ఛార్జర్ ఆ ఫ్యాన్‌కే సరిపోదు. 13.5–14 వోల్టుల దగ్గర నిలకడగా 50 ఆంపియర్లకు తగ్గకుండా ఇచ్చే సపోర్ట్ యూనిట్ తగిలించాలి. ఇంకో కారు నుంచి జంపర్ పెట్టి, ఆ ఇంజన్ నడుపుతూ చేస్తామంటే ఒప్పుకోవద్దు, వోల్టేజి ఎగిరిపడుతుంది.

మొదలుపెట్టే ముందు అన్ని మాడ్యూళ్ళనూ స్కాన్ చేసి ఆ నివేదిక మీ ఫోన్‌కు పంపించుకోండి. ప్రస్తుత సాఫ్ట్‌వేర్ నంబరు, కాలిబ్రేషన్ ఐడీ, అసలు ఫైల్ కాపీ మీ దగ్గరుండాలి. పాత కోడ్లుంటే ముందు వాటికి కారణం తేల్చాలి. కోడ్ చెరిపేసి మీద రాస్తే జబ్బు అలాగే ఉంటుంది, కనిపించడం మాత్రం మానేస్తుంది. ఏసీ, లైట్లు, బ్లోయర్, మ్యూజిక్ ఆపాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్‌లో ఉండాలి, నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాలి. ఓబీడీకి (కారులో స్కానర్ తగిలించే సాకెట్‌కు) బ్లూటూత్ కాదు, కేబుల్. మధ్యలో డ్యాష్‌బోర్డు నిండా లైట్లు వెలుగుతాయి, అది సహజం, తలుపులు తీసి కంగారు పడొద్దు. ఒకవేళ ఎక్కడో ఆగిపోతే ఇగ్నిషన్ కట్టేయకుండా, కేబుల్ పీకకుండా అదే ఫైలును మళ్ళీ రాయాలి. ఈసీయూలో మొదట మేల్కొనే చిన్న ప్రోగ్రామ్ ఉండే బూట్ భాగం సాధారణంగా బతికే ఉంటుంది. అదీ పలక్కపోతే ఈసీయూ విప్పి బల్ల మీద పెట్టి తీగలు కలిపి రాయాలి. ఇంటికి వచ్చేవాళ్ళ దగ్గర ఆ సరంజామా ఉండదు. అందుకే ఇంటి దగ్గర వద్దు, షెడ్డులోనే చేయించండి.

రాశాక ఇగ్నిషన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి, కోడ్లు చెరిపి, త్రాటిల్ బాడీ అడాప్టేషన్ (గాలి కవాటం హద్దులు ఈసీయూకు మళ్ళీ నేర్పడం) చేయాలి. అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకూడదు. ఐడిల్‌లో నాలుగు సిలిండర్ల మిస్‌ఫైర్ కౌంటర్లూ సున్నా దగ్గర నిలిచాకే బండి తీయండి.

ప్రశ్న: రీమ్యాప్ చేసిన పోలో జీటీ టీఎస్ఐ డిసెంబరులో దూసుకెళ్ళేది, మే నెలలో చప్పబడింది. పెట్రోల్లో ఇథనాల్ కారణమా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఇథనాల్ మీద నింద వేసే ముందు లాగ్ (బండి నడుస్తున్నప్పుడు సెన్సర్లు చూపే అంకెల రికార్డు) తీయండి. ఎండలో ట్రాఫిక్‌లో నిలబడ్డ కారులో ఇంజన్‌లోకి వెళ్ళే గాలే బయటికన్నా ఎంతో వేడిగా ఉంటుంది. వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ, నాకింగ్ ఎక్కువ. నాక్ సెన్సర్ వినగానే ఈసీయూ ఇగ్నిషన్‌ను వెనక్కి లాగుతుంది, పికప్ పోతుంది. లాగ్‌లో ఇన్‌టేక్ టెంపరేచర్, ఒక్కో సిలిండర్ ఇగ్నిషన్ రిటార్డ్, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే పెట్రోలు ఒత్తిడి), లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ళు) చూడాలి. అన్ని సిలిండర్లూ కలిసి మూడు నాలుగు డిగ్రీలు వెనక్కి పోతుంటే పెట్రోలు ఆక్టేన్ చాలట్లేదు, లేదా ట్యూన్ అత్యాశతో రాసింది. ఒక్క సిలిండరే పోతుంటే ఆ ప్లగ్గు తీసి చూడండి.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం వేస్తే ఇక్కడ ప్రెషర్ సెన్సర్ దాదాపు 950 మిల్లీబార్లు చూపడమే సరి. తీర ప్రాంతంలో తీసిన లాగ్‌తో పోల్చి 'సెన్సర్ పోయింది' అని మార్పించేయకండి.

ఇథనాల్ లెక్క ఇదీ: మామూలు పెట్రోలు కాలడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ10కి (పది శాతం ఇథనాల్) సుమారు 14.1, ఈ20కి (ఇరవై శాతం) సుమారు 13.5. అంటే ఈ10 నుంచి ఈ20కి మారితే ఇంజన్ నాలుగు శాతం పైచిలుకు ఎక్కువ చిమ్మాలి. ఆక్సిజన్ సెన్సర్ ఆ మేరకు సవరిస్తుంది. స్కానర్‌లో ఆ సవరణను చూపే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ పది శాతం లోపుంటే ఫరవాలేదు. మైలేజీ కొంత తగ్గుతుంది, నాకింగ్‌కు మాత్రం ఇథనాల్ మేలే చేస్తుంది. అసలు సమస్య పాత కార్ల రబ్బరు గొట్టాలకూ, నెలల తరబడి కదలని కార్లకూ. వానాకాలంలో ఖాళీ ట్యాంకుతో నిలిపితే తేమ ఇథనాల్‌లో కలిసి అడుగుకు చేరుతుంది.

పరీక్ష ఔటర్ రింగ్ రోడ్డు మీద వద్దు. అక్కడ పరిమితి గంటకు 120, మూడో గేరులో రెడ్‌లైన్ దాకా లాగితే అది దాటిపోవచ్చు. డైనో (బండిని రోలర్ల మీద నడిపి శక్తి కొలిచే యంత్రం) మీద తీయించండి.

ప్రశ్న: రీమ్యాప్ చట్టబద్ధమేనా? పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: పొల్యూషన్ పరీక్ష నిలిపిన బండికి చేసేది, బూస్ట్‌లో ఏం జరుగుతోందో దానికి తెలియదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే చెప్పింది. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున మీ మెడకే చుట్టుకుంటుంది. వారంటీలో ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కారైతే, మార్చిన ఈసీయూ కంపెనీ సర్వరుకు తగలగానే వారంటీని అడ్డుకునే 'టీడీ1' గుర్తు పడుతుంది. పాత ఫైలు తిరిగి రాసినా ఆ గుర్తు పోదు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి దాని సెన్సర్‌ను ప్రోగ్రామ్‌లో మూసేస్తామన్నవాళ్ళ దగ్గరికి అసలు వెళ్ళకండి.

ప్రశ్న: పోర్షే 718 కేమన్‌కు ప్లగ్గులు ఇంట్లో మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, జూబ్లీహిల్స్

జవాబు: జాకీ మీద మాత్రం వద్దు. ఇంజన్ సీట్ల వెనక పడుకున్నట్టుంటుంది, ప్లగ్గులు పక్కలకు చూస్తుంటాయి. కారును లిఫ్ట్ మీద ఎత్తి, వెనక చక్రాలు తీసి, పక్కల నుంచి చెయ్యి పెట్టాలి. ఎగ్జాస్ట్ పక్కనే ఉంటుంది కాబట్టి చల్లారడానికి రాత్రంతా వదలండి. లిఫ్ట్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్ళినా, టార్క్ రెంచ్‌తోనే బిగించమని ముందే చెప్పి, పాత ప్లగ్గులను సిలిండర్ నంబర్లు రాసి మీ చేతికివ్వమనండి.